ఎద్దు మెడ గజ్జెలు

"యాడికి?" అని అడిగింది అమ్మ.

"బయటికి."

"బయటికంటే యాడికి?"

నాయన చేతిలో చెంబు పైకెత్తి చూపించినాడు. "సుబ్బరత్నమ్మా, పొద్దున్నే చెంబు పట్టుకోని మనిషి యాడికి పోతాడో అది గూడా నేనే చెప్పల్లనా?"

అమ్మ నవ్వలేదు. నా వైపు చూసింది. నేను పుస్తకం మూసి వాకిట్లోకి పోయి, నాయన కంప చెట్ల దాకా పోయి తిరిగి వచ్చేవరకు పళ్ళు తోముకుంటున్నట్లు నిలబడినాను. నేను పళ్ళు తోముకుని అప్పటికి శానా సేపయింది.

రెండువేల రెండో సంవత్సరం, కరువు యేడు, మా ఇంట్లో అమ్మకూ నాకూ ఇదే పని. నాయనను కనిపెట్టుకుని ఉండడం.

మా నాయన ఎర్రన్న నీళ్ళు చూసేవాడు. పీచు తీసిన టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా నడిచేవాడు. కింద నీళ్ళున్న చోట అది లేచి నిలబడుతుందని మా పక్క నమ్మకం. నేను డిగ్రీ చదివినదాన్ని, మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని. ఊరి బడిలో వలంటీరుగా పిల్లలకు చదువు చెప్తున్నాను. నాకు ఆ నమ్మకం లేదు. అయినా చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషులు వచ్చి నాయనను బండి మీద ఎక్కించుకుని పోయేవాళ్ళు. నాయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. ఆ టెంకాయ కూడా ఆ చేన్లోనే పగలగొట్టి పిల్లోళ్ళకు పంచేసి వచ్చేవాడు.

ఆ ఎండాకాలం చౌడప్ప మామ చేన్లో నాయన చూపించిన చోట బోరు వేసినారు. దుమ్ము లేచింది. కొంచెం జరిగి ఇంకో చోట వేసినారు. అక్కడా దుమ్మే. రిగ్గు లారీ పోయినాక చేన్లో తెల్లటి రాతిపిండి కుప్ప మిగిలింది. చౌడప్ప మామ, నాయన చిన్నప్పటి నుంచి బావా బావా అనుకునేవాళ్ళు, పక్కపక్క చేన్లు. ఆయన వచ్చి తిట్టి ఉంటే బాగుండు. తిట్టలేదు. మాట్లాడడమే మానేసినాడు. ఆయన నోరు మూసుకునేసరికి ఊరు నోరు తెరిచింది. "రిగ్గు లారీవోళ్ళతో ఎర్రన్నకు ఒప్పందం ఉండాదంట" అన్నారు. మొదట అన్నది ఎవరో ఎవరికీ తెలీదు.

నాయన ఇంట్లో కూర్చున్నాడు. అప్పుడప్పుడూ కుడి చెయ్యి తెరిచి చూసుకునేవాడు. ఆషాఢంలో ఒక్క పదును వాన పడితే ఇత్తనం వేసినాము. మళ్ళీ వాన మొగం చూడలేదు. శెనక్కాయ చెట్లు చేన్లోనే మాడిపోతుండగా ఎద్దులను సంతకు తోలినాము. నాయన వాటి మెడ గజ్జెలు మాత్రం కొన్నవాడికి ఇవ్వలేదు. విప్పి తెచ్చి గూట్లో పెట్టుకున్నాడు.

ఆ తరువాత ఒక పొద్దు, దూలం మీద ఉండాల్సిన పురుగుల మందు డబ్బా, పశువుల కొట్టంలో నాయన మంచం పక్కన కనపడింది అమ్మకు.

"ఏంటికి దించినావు?" అనైనా అడగలేదు అమ్మ. డబ్బాను చెంగులో చుట్టుకుని లోపలికి వచ్చింది. ఆ పొద్దు నుంచి డబ్బా ఒక చోట ఉండలేదు. కొన్నాళ్ళు బొంతల పెట్టెలో, కొన్నాళ్ళు పిడకల కింద. బావి పగ్గం ఇంట్లోకి వచ్చేసింది. నాయన గడ్డం చేసుకోవాలంటే అమ్మే బ్లేడు ఇచ్చి, చేసుకున్నంతసేపూ ఎదురుగా కూర్చుని బియ్యం ఏరేది.

దసరాకు ముందు కుళ్ళాయప్ప గురువు ఊర్లో దిగినాడు. ఆయన చెక్కభజన గురువు. చెక్కభజన అంటే మా పక్క మగవాళ్ళు రెండు వరసల్లో ఎదురెదురు నిలబడి, జానెడు కొయ్య చెక్కలు చేత పట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, పాటకు అడుగు వేస్తూ ఆడేది. గురువు వస్తే నెలా రెండు నెలలు ఊర్లోనే ఉండి నేర్పుతాడు. ఇంటికొక పూట వంతు వేసుకుని ఆయనకు అన్నం పెట్టాల. పంట బాగా ఇల్లు చేరిన యేడు పిలుస్తారు గురువును. కరువులో ఎవరూ పిలవరు.

"ఈయన్ను పిలిచిందెవురు?" అని బోరింగు కాడ ఒకటే మాట. పిలిచినామని ఒక్కరూ చెప్పలేదు. బెంగళూరోళ్ళకు భూములు చూసిపెట్టే బ్రోకరని ఒకరు, రిగ్గు లారీ ఏజెంటని ఇంకొకరు. మా ఇంట్లో అనుమానం వేరే. గురువు పడక వేసింది చౌడప్ప మామ మోటారు కొట్టంలో. నీళ్ళు పడతాయన్న ధీమాతో ముందే కట్టించుకున్న కొట్టం అది. మోటారు రాలేదు గాబట్టి ఖాళీగా ఉంది.

"చూసినావా మే," అంది అమ్మ. "దీంట్లో ఏందో ఉండాది."

మా వంతు వచ్చిన పొద్దు అమ్మ సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరింది. గురువు ఎండిన మనిషి. ముద్ద విరిచేటప్పుడు కూడా ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాయి.

"యా ఊరు గురువా మీది?" అమ్మ మొదలుపెట్టింది.

"కదిరి పక్క తల్లీ."

"కదిరి పక్క శానా ఊర్లుండాయి."

"అన్నిట్లోనూ నేర్పినా. అన్నీ మావే అనుకో."

"చౌడప్ప బాగా చూసుకుంటాండాడా మిమ్మల్ని?"

"మోటారు ల్యా గదమ్మా, సద్దు ల్యా. బాగా నిద్ర పడ్తాది."

నాయన గోడ వైపు తిరిగి తింటున్నాడు. గురువు ఆ వీపుతోనే మాట్లాడినాడు. "ఎర్రన్నా, మా నాయన ఈ ఊర్లో నేర్పినప్పుడు నువ్వు ముందు వరసలో ఉండేవాడివంటనే."

"ఎవురు చెప్పినారు?"

"ఊరు చెప్పింది."

"ఊరు శానా చెప్తాది."

"అదీ నిజమేలే. ఒక జాగా ఖాళీగా పెట్టినా. సాయంత్రం కల్లం కాడికి రా."

"నా చెయ్యి పని చెయ్యదు గురువా."

"కాళ్ళతో రా అయితే."

ఆయన పోయినాక చూస్తే అరుగు మీద ఒక జత చెక్కలు ఉన్నాయి. కొసల్లో ఇత్తడి బిళ్ళలు, చేతి చెమటకు నల్లబడిన కొయ్య.

"మరిచిపోయినట్లుండాడు. ఇచ్చొస్తా," అన్నాను.

"మరిచిపోల్యా, పెట్టిపోయినాడు." అమ్మ గొంతు తగ్గించింది. "ఇది చౌడప్ప పన్నాగం. పదిమందిలోకి పిలిపిచ్చి, మీ నాయన్ను ఎగతాళి పట్టిచ్చల్ల, అంతే. మాటలు పడీ పడీ ఆ మనిషి ఇప్పటికే సగమైపోయినాడు. ఇంగ ఒక్క నవ్వు తగిలితే దక్కడు. చెక్కల్లేవు గిక్కల్లేవు, తీసకపోయి ఇచ్చెయ్యి."

నేను లేచేలోపల అరుగు మీద చెక్కలు లేవు. నాయన చేతులు కడుక్కుంటున్నాడు.

దీపావళి దగ్గర పడింది. మామూలుగా అయితే ఆ రోజుల్లో ఊర్లో ప్రతి కల్లంలోనూ శెనక్కాయ కట్టెల వాములు ఉండాల. మిట్టమధ్యాహ్నం నేను బడిలో ఎక్కాలు చెప్పిస్తుంటే అమ్మ వచ్చి వాకిలి పట్టుకుని నిలబడింది. చెప్పులు లేవు కాళ్ళకు.

"డబ్బా కనపడల్యా."

"యాడ పెట్టినావు?"

"అదే గుర్తు రాల్యా మే. మార్చీ మార్చీ యాడ పెట్టినానో మతికి రాల్యా. మీ నాయనా ల్యాడు. కొట్టంలో పాత పగ్గం ల్యా. గూట్లో ఎద్దు గజ్జెలు గూడా ల్యావు."

"గజ్జెలెందుకు?"

"అదే నాకూ అర్థం కాల్యా."

పిల్లలను ఎక్కాలు రాసుకోమని చెప్పి బయటపడినాను. అమ్మను బావి వైపు పంపించి నేను చేన్ల దావ పట్టినాను. పరిగెత్తితే ఊరంతా చూస్తుందని మొదట నడిచినాను. ఊరు దాటినాక పరిగెత్తినాను. మా చేను దాటి చౌడప్ప మామ చేను గట్టు ఎక్కేసరికి గజ్జెల సద్దు వినపడింది. మా ఎద్దుల గజ్జెలే. అమ్మేసిన ఎద్దు తాడు తెంపుకుని వచ్చేసిందేమో అనుకున్నాను ఒక్క ఘడియ.

రాతిపిండి కుప్ప పక్కన నాయన ఉన్నాడు. పంచె పైకి దోపుకుని, మెడ గజ్జెలను రెండు భాగాలు చేసి పాత పగ్గం విప్పిన పోగులతో కాళ్ళకు కట్టుకున్నాడు. చేతుల్లో చెక్కలు. రెండడుగులు ముందుకు, ఒకటి పక్కకు, తిరగాలి. తిరగబోయి తప్పినాడు. ఆగినాడు. ఆగి, ఎడమచేతి చెక్కతో కుడి అరచేతి మీద ఠపీమని కొట్టుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టినాడు. మళ్ళీ తప్పినాడు. మళ్ళీ కొట్టుకున్నాడు. చిన్నప్పుడు నేను కూడిక తప్పితే ఏ అయ్యవారూ నన్ను అంత గట్టిగా కొట్టలేదు.

"నాయనా."

ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "ఇస్కూలు ఇడిసిపెట్టినావా?"

"ల్యా. అమ్మకు డబ్బా కనపడల్యాని..."

అంతవరకే చెప్పినాను. నాయనకు అర్థమైంది. రాతిపిండి మీద కూర్చున్నాడు. కాలి గజ్జెలు ఒకసారి కదిలి ఆగినాయి.

"మీరిద్దరూ నన్ను చూసే చూపు ఎట్లుండాదో తెలుసునా పాపా? ఇంట్లో దొంగ దూరితే చూసినట్లుండాది."

ఇన్ని నెలలుగా అడగని మాట అప్పుడు అడిగినాను. "ఆ పొద్దు డబ్బా ఏంటికి దించినావు?"

నాయన బోరు గుంత మీద కప్పిన బండనే చూసినాడు. "దించినా," అన్నాడు. "మళ్ళా ఎక్కిచ్చలేకపోయినా. అంతే."

నేను పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

"చెయ్యి చూపియ్యి." చూపించినాడు. అరచెయ్యి ఎర్రగా వాచి ఉంది. "ఏంటికి కొట్టుకుంటాండావు?"

"తప్పు చేసింది అదే గదా."

నాకు అమ్మ మాట గుర్తుకొచ్చింది, ఒక్క నవ్వు తగిలితే దక్కడని. చౌడప్ప మామ మీద నా అనుమానం అట్లే ఉంది. కానీ ఈ ఎండలో ఒక్కడే నిలబడి తన్ను తాను కొట్టుకునే మనిషిని చూసినాక, దానికంటే పదిమంది నవ్వడం పెద్ద హాని కాదనిపించింది.

"కల్లం కాడికి పోదారి రా నాయనా. నేనూ వస్తా."

"కాపలాకా?"

"చూడనీకి."

డబ్బా కట్టెల మోపు వెనక దొరికింది అమ్మకు. ఆ పూటే గుట్ట కిందికి పోయి లోతుగా గుంత తీసి పూడ్చేసి వచ్చింది. పూడ్చినాక కూడా ఆమె కళ్ళు నాయన మీది నుంచి దిగలేదు. సాయంత్రం కల్లం కాడికి మా వెంట ఆమె కూడా వచ్చింది, చేతిలో జొన్న దంటు ఒకటి కర్ర మాదిరి పట్టుకుని.

"అదేంటికమ్మా?"

"ఉండనీ."

ఎండ వాలి కల్లం పసుపు రంగుకు తిరిగింది. శెనక్కాయ ఒక్కటి లేదు, మనుషులు మాత్రం రెండు వరసలుగా ఉన్నారు. ఒక వరస కొసన జాగా ఖాళీ. ఆ ఖాళీకి ఎదురుగా చౌడప్ప మామ నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్ళూ జోడీ లేకుండానే ఆడుతున్నాడంట. నాయన అది చూసి ఆగినాడు. గురువు ఏమీ జరగనట్లు ఆ జాగా వైపు చెయ్యి చూపించినాడు. నాయన పోయి నిలబడినాడు. చౌడప్ప మామ చేతిలో చెక్కలున్నాయి, అమ్మ చూపు ఆ చెక్కల మీద ఉంది.

"కొత్తగా వచ్చినోళ్ళకు మళ్ళా చెప్తాండా," అన్నాడు గురువు. "అడుగు తప్పినోడు ఆగిపోకూడదు. బయటికి పోకూడదు. ఉన్నచోటనే నిలబడి చెక్క కొడతా ఉండల్ల. జోడీగా ఉండేవాడు వాని కాళ్ళు చూడకూడదు, మొగం చూడల్ల. సుట్టు తిరిగి అదే అడుగు మళ్ళా వస్తాది, అప్పుడు ఎక్కుకో. పోతే మళ్ళా రాకపోనీకి ఇదేమన్నా కదిరి బస్సా."

పాట ఎత్తుకున్నాడు. మొదటి తిరుగుడులోనే నాయన తప్పినాడు. వరసలో నుంచి బసప్ప అందుకున్నాడు, "ఎర్రన్నా, సూసి ఎయ్యప్పా అడుగు. నువ్వు తొక్కిన చోటల్లా బోరేస్తారు మనోళ్ళు."

నవ్వినారు. అందరూ కాదు, కానీ చాలినంత మంది. నాయన చెక్కలు దించేసినాడు. అమ్మ నా రెట్ట పట్టుకుంది, గోర్లు దిగినాయి.

చౌడప్ప మామ తువ్వాలతో మొగం తుడుచుకున్నాడు. ఏదో విత్తనాల సంగతి చెప్పినట్లు మామూలుగా అన్నాడు. "బసప్పా, ఆ పొద్దు బావ నా చేను సుట్టూ తిరిగి తిరిగి, 'టెంకాయ లెయ్యల్యా చౌడా, ఈడ నీళ్ళు ల్యావు, వద్దు' అన్న్యాడు. ఉండాయి, మళ్ళా చూడు అని నేనే ఎంటబడితి. నా పోరు పడలేక ఏలు చూపిచ్చినాడు. రెండో బోరుకు అదీ ల్యా, నేనే ఏపిచ్చుకుంటి. ఈ మాట ఎండాకాలమే చెప్పల్సింది. నోరు రాల్యా. నవ్వల్లంటే నన్ను చూసి నవ్వు." ఆ తరువాత గురువు వైపు తిరిగినాడు. "మొదట్నుంచి పట్టు గురువా."

గురువు మొదటి నుంచి పట్టినాడు.

నాయన ఒక తిరుగుడు అంతా కదలలేదు. ఎదురుగా చౌడప్ప మామ కూడా కదలలేదు. నిలబడిన చోటే చెక్క కొడుతూ నాయన మొగమే చూస్తున్నాడు. మిగిలిన వరసంతా వాళ్ళ చుట్టూ తిరిగి వచ్చింది. అడుగు మళ్ళీ వచ్చినప్పుడు నాయన కాలు లేచింది. ఎద్దు గజ్జెలు కదా, మిగతావాళ్ళ సన్న మువ్వల నడుమ మొరటుగా మోగినాయి. కొంచెం సేపటికి మళ్ళీ తప్పినాడు. నా కళ్ళు ఆయన ఎడమచేతి మీదికి పోయినాయి. చెయ్యి పైకి లేచింది కూడా. అరచేతి మీద పడలేదు, చెక్క మీద పడింది. అట్లే కొడుతూ నిలబడినాడు, అడుగు వచ్చేవరకు.

అమ్మ నా రెట్ట వదిలింది. జొన్న దంటు మాత్రం పారేయలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు అడిగినాను. "నీళ్ళు ల్యావని చెప్పినావంట గదా. ఊరన్ని మాటలంటాంటే ఒక్కసారైనా మాకు చెప్పల్యా ఏంటికి?"

"ఏలు చూపిచ్చింది నేనే గదా పాపా. ల్యావు ల్యావనుకుంటానే చూపిచ్చినా. తప్పు కాకుండా పోతుందా?"

ముందర నడుస్తున్న అమ్మ వెనక్కి తిరగకుండానే అంది. "బావలిద్దరూ నోర్లు కుట్టుకోని కూర్చుంటే మేము ఇంట్లో తాళ్ళు దాచుకుంటా చస్తిమి. కరువులో గురువును పిలిచిన పిచ్చోడు గూడా ఆ చౌడప్పేనన్నమాట. వచ్చి రెండు మాటలు చెప్పేదానికి ఇంత మేళం కావల్సొచ్చింది."

"చిన్నప్పుడు వాడూ నేనూ ఒకే జోడీ," అన్నాడు నాయన.

మార్గశిరంలో గురువుకు పంచె పెట్టి బస్సెక్కించినారు. వాన ఆ యేడు రానే లేదు. నాయన, చౌడప్ప మామ ఒకే ముఠాలో కరువు పనికి పోయి చెరువు మట్టి ఎత్తినారు. సోమందేపల్లె పక్క నుంచి ఒకాయన టెంకాయ పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంటే, నాయన ఆ టెంకాయను ఆయన సంచిలోనే పెట్టి, "నా చేతికి తెలీదప్పా, మజ్జిగ తాగి పో" అన్నాడు. చెప్పేటప్పుడు చెయ్యి దాచుకోలేదు.

టీచరు పోస్టుల పరీక్షలో నాకు ఉద్యోగం రాలేదు. ఆ సంగతి తెలిసిన పూట నేను పుస్తకాలన్నీ మూటగట్టి అటక మీదికి విసిరినాను. నాయన నిచ్చెన వేసి ఆ మూట దించి నా ముందర పెట్టినాడు. "నిలబడి చెక్క కొడతా ఉండు మే," అని చెప్పి పనికి పోయినాడు. ఆ పొద్దు నేను పుస్తకం తెరవలేదు. మూట మళ్ళీ అటక ఎక్కించనూ లేదు.

గురువు పోయినా సాయంత్రాలు కల్లం కాడ ఆట ఆగలేదు. పనికి పోయి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నాయన గూట్లో గజ్జెలు తీసి కట్టుకునేవాడు. ఆ సద్దు మా సందు దాటి, బోరింగు దాటి, కల్లం వైపు పోయేది. అమ్మ పొయ్యి కాడ రొట్టె తడుతూ ఆ సద్దును చెవితోనే కల్లం దాకా సాగనంపేది. మధ్యలో అది ఆగితే ఆమె చెయ్యి కూడా ఆగేది. మళ్ళీ మోగితే మళ్ళీ తట్టేది. ఇప్పుడు "యాడికి?" అని నోటితో అడగడం లేదు, అంతే తేడా.

ఒక సాయంత్రం నేను నీళ్ళు తెచ్చి లోపలికి వస్తుంటే నాయన ఎదురొచ్చి సందులోకి పోయినాడు. సద్దు లేదు. లోపల చూస్తే గజ్జెలు గూట్లోనే ఉన్నాయి.

"అమ్మా, నాయన గజ్జెలు కట్టుకోలేదు."

"చూసినా."

పీట మీద నుంచి సగం లేచింది. వాకిలి వైపు చూసింది. సందులో ఏ సద్దూ లేదు, నేనూ చెవులు రిక్కించినాను. అమ్మ అట్లే కొంచెం సేపు ఒంగి నిలబడింది.

"రొట్టె మాడుతాది," అని మళ్ళీ కూర్చుని, రొట్టె తిరగేసింది.